గేటు దాటాక ఏ గదికి?

ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం ఎమ్మే ఫస్టున పాసైన కల్యంపూడి రాధాకృష్ణారావుకి అక్కడే పరిశోధన చేయాలని ఉండేది. కుదరలేదు. రెండో ప్రపంచ యుద్ధం రోజులు. మిలిటరీలో లెక్కల ఉద్యోగం ఏదో ఉందంటే ఇంటర్వ్యూకి కలకత్తా వెళ్లారు. అదీ దొరకలేదు. కానీ ఆ ఊళ్లో ప్రశాంత చంద్ర మహలనోబిస్ నడిపే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఒకటుందని అక్కడే తెలిసింది. పేరు ఘనంగా ఉన్నా, అప్పటికి అది ప్రెసిడెన్సీ కాలేజీ ఫిజిక్స్ విభాగంలో సర్దుకున్న చిన్న సంస్థ. 1941లో అందులో చేరారు. 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ఆయన అచ్చువేసిన ఒకే ఒక వ్యాసం మీద ఇవాళ్టికీ ప్రపంచమంతా స్టాటిస్టిక్స్ పాఠాలు చెబుతున్నారు. క్రామర్-రావు, రావు-బ్లాక్‌వెల్ అని విద్యార్థులు బట్టీ పట్టేవి రెండూ అందులోవే. 2023లో, నూరేళ్లు దాటాక, ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది.

ఇందులో ఆ విశ్వకళాపరిషత్తుకు, అంటే వాల్తేరు ఆంధ్రా యూనివర్సిటీకి చిన్నతనమేమీ లేదు. అదే కాలంలో అదే కొండ మీద కెమిస్ట్రీలో టి.ఆర్.శేషాద్రి పత్తిపూలలో ఉండే రంగుల రసాయనం తేల్చే పనిలో ఉన్నారు. ఫిజిక్స్‌లో సర్ సి.వి.రామన్ శిష్యుడు సూరి భగవంతం ఉన్నారు. ఆ రెండు విభాగాల్లో చేరిన కుర్రాడికి దేశంలో అంతకంటే మంచి చోటు దొరకడం కష్టమే. స్టాటిస్టిక్స్ మీద మనసుపడ్డ కుర్రాడికి మాత్రం రైలెక్కక తప్పలేదు. విశ్వవిద్యాలయం ఒకటే, గేటు ఒకటే. ఎవరికి ఏం కావాలన్నదాన్ని బట్టి లోపల ఒకరికి నిధి దొరుకుతుంది, ఇంకొకరికి ఖాళీ గది దొరుకుతుంది.

ఎమ్మెస్సీకో పీహెచ్‌డీకో దరఖాస్తు పెట్టబోయే విద్యార్థి ముందుగా చేసే పని ర్యాంకుల జాబితా తెరవడం. తెరవకూడదని కాదు. అయితే ఆ అంకె దేనితో తయారైందో తెలిసి తెరవాలి. కేంద్ర ప్రభుత్వం 2016 నుంచి ఇస్తున్న ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకులో బోధనకూ వనరులకూ 30 మార్కులు, పరిశోధనకు 30, చదువు ముగించినవాళ్ల ఫలితాలకు 20, అన్ని వర్గాల, ప్రాంతాల విద్యార్థులకు చోటిచ్చినందుకు 10, బయట ఉన్న మంచిపేరుకు 10. ఈ మార్కులన్నీ యూనివర్సిటీ మొత్తానికి కలిపి వేస్తారు. ఇంజినీరింగ్, మేనేజ్‌మెంట్, ఫార్మసీలాంటి వాటికి విడిగా జాబితాలున్నాయి. ప్రాచీన చరిత్రకు గానీ, సముద్ర విజ్ఞానానికి గానీ, భాషాశాస్త్రానికి గానీ లేవు. పట్టికలో పన్నెండో స్థానంలో ఉన్న యూనివర్సిటీలో శాసనాలు చదవగలిగిన అధ్యాపకుడు ఒక్కరూ లేకపోవచ్చు. ఎనభయ్యో స్థానంలో ఉన్నచోట ముగ్గురు ఉండవచ్చు. శాసనాల మీద పనిచేయాలనుకున్నవాడికి ఆ ముగ్గురే ముఖ్యం.

మరి ఒక విభాగానికి బలం ఎక్కణ్నుంచి వస్తుంది? చాలాసార్లు ఊరి నుంచే వస్తుంది. విశాఖపట్నంలో కిటికీ తీస్తే సముద్రం. ఆంధ్రా యూనివర్సిటీలో వాతావరణ, సముద్ర విజ్ఞాన శాస్త్రాలు వేళ్లూనుకోవడం వెనక ఆ భౌగోళికం ఉంది. 1950లలో అమెరికా నుంచి యూజీన్ లాఫాండ్ అనే సముద్ర శాస్త్రవేత్త వచ్చి ఇక్కడి విద్యార్థులకు పాఠం చెప్పడమే కాక, వాళ్లని వెంటబెట్టుకుని బంగాళాఖాతంలోకి వెళ్లారు. తూర్పు తీరం దాటాక సముద్రపు అడుగు వాలులో దొరికిన లోయలకు ఆయన పెట్టిన పేర్లు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ. మహదేవన్ అంటే అదే యూనివర్సిటీలో జియాలజీ ప్రొఫెసర్ సి.మహదేవన్. ఒక యూనివర్సిటీ అధ్యాపకుడి పేరు సముద్రం అడుగున లోయకు ఉండటం అరుదైన గౌరవమే. ఈ రోజుకీ ఆ ఊళ్లో నేవీ పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్ ఉంది, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. సముద్రం చదవాలనుకున్నవాడికి ఇరుగుపొరుగు కూడా కలిసొస్తుంది.

కొన్నిసార్లు బలం ఒక మనిషితో వచ్చి దిగుతుంది. గోదావరి జిల్లాలో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు యవ్వనంలో ఇల్లు విడిచి హిమాలయాలకు వెళ్లి తపస్సు చేశారు. స్వామి జ్ఞానానంద అయ్యారు. ఆ తర్వాత యూరప్ వెళ్లి, వేదాంతం చెబుతూ చెబుతూ ఫిజిక్స్‌లో పడ్డారు. ప్రాగ్‌లో ఎక్స్-రే స్పెక్ట్రోస్కోపీలో డాక్టరేట్ తీసుకున్నారు. లివర్‌పూల్‌లో న్యూట్రాన్ కనిపెట్టిన చాడ్విక్ దగ్గర పనిచేశారు. తిరిగొచ్చి ఆంధ్రా యూనివర్సిటీలో న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగాన్ని నిలబెట్టారు. అక్కడి పరిశోధనశాలలకు ఆయన పేరే పెట్టారు. ఏ కమిటీ రాసిన ప్రణాళికలోనూ ఇలాంటి వరుస దొరకదు.

మనిషి కాకపోతే పరికరం. ఉస్మానియాకు 1919లోనే నిజామియా వేధశాల చేతికొచ్చింది. ఆ వేధశాల ఆవరణలో పెరిగిన ఉద్యోగి కొడుకు వైను బప్పు తర్వాత దేశంలో ఆధునిక ఖగోళశాస్త్రానికి పెద్దదిక్కయ్యాడు. 1968లో నగరం వెలుతురుకు దూరంగా జాపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపు నిలబడింది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం సరిగ్గా ఆ దారిన పోవడంతో దేశ విదేశాల శాస్త్రవేత్తల చూపు రంగారెడ్డి జిల్లా చేలవైపు తిరిగింది. పరికరంతో వచ్చే బలానికి ఒక చిక్కుంది. పరికరం ముసలిదవుతుంది. అందుకే ఏ విభాగం గురించి విన్నా "ఫలానా యంత్రం ఉంది" అన్న మాట దగ్గర ఆగకూడదు. అది ఇప్పుడు నడుస్తోందా, దాని ముందు కూర్చోడానికి స్కాలర్‌కి ఎన్నాళ్లకు వంతు వస్తుంది అన్నవి అడగాల్సిన ప్రశ్నలు.

ఇక ఒకే ఆవరణలో ఎన్ని రకాల బలాలు పక్కపక్కన ఉండొచ్చో చూడాలంటే హైదరాబాద్ విశ్వవిద్యాలయం మంచి ఉదాహరణ. 1974లో, ఆరు సూత్రాల పథకంలో భాగంగా, పార్లమెంటు చట్టంతో పుట్టింది. మొదట్లో అబిడ్స్‌లో సరోజినీ నాయుడు ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డే దాని చిరునామా. తర్వాత గచ్చిబౌలి రాళ్ల మధ్యకు మారింది. 2019లో దానికి 'ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎమినెన్స్' హోదా వచ్చింది. ఆ హోదా మొత్తం యూనివర్సిటీదే, కానీ స్కాలర్ రోజూ వెళ్లేది ఒక స్కూల్‌కి, అందులో ఒక డిపార్ట్‌మెంటుకి, అందులో ఒక ల్యాబుకి.

అక్కడి స్కూల్ ఆఫ్ కెమిస్ట్రీ సంగతి తీసుకుందాం. 1979లో చేరిన గౌతమ్ దేశిరాజు ముప్పై ఏళ్లు అక్కడే పనిచేశారు. అణువులు స్ఫటికంలో ఒకదాని పక్కన ఒకటి ఎలా సర్దుకుంటాయి, ఆ సర్దుబాటును మనకు కావలసినట్టు మలచవచ్చా అన్నది ఆయన ప్రశ్న. 1989లో క్రిస్టల్ ఇంజినీరింగ్ మీద ఆయన రాసిన పుస్తకం ఆ శాస్త్రానికే పునాది పుస్తకాల్లో ఒకటైంది. అశ్వినీ నంగియా అదే స్కూల్లో ఈ పనిని మందుల స్ఫటికాల వైపు నడిపించారు. ఇదేదో పుస్తకాల్లోని ముచ్చట అనుకుంటే పొరపాటు. 1998లో రిటోనవిర్ అనే హెచ్‌ఐవీ మందు క్యాప్సూల్స్‌ని కంపెనీ మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. మందు అదే, అణువు అదే. కానీ తయారీలో ఎవరూ ఎదురుచూడని కొత్త స్ఫటిక రూపం తలెత్తింది. అది సరిగా కరగదు, కరగని మందు ఒంటికి పట్టదు. మందుల కంపెనీలతో నిండిన హైదరాబాద్‌లో ఈ చదువుకు గిరాకీ ఎంతో వేరే చెప్పక్కర్లేదు. అయినా ఆ ల్యాబు తలుపు మీద 'ఫార్మా' అన్న మాట ఉండదు. ఫార్మా ఆర్ అండ్ డీలో ఉద్యోగం కావాలని ఆ మాట ఉన్న కోర్సుల కోసమే వెతికే విద్యార్థి కళ్లు ఈ తలుపు మీద పడవు.

పేరు ఒకటి, పని ఒకటి అయిన గదులు ఆ ఆవరణలో ఇంకా ఉన్నాయి. అక్కడి సంస్కృత విభాగంలో పాణిని వ్యాకరణాన్ని కంప్యూటర్‌కి నేర్పే పని జరుగుతుంది. అక్కడ తయారైన సాఫ్ట్‌వేర్ 'సంసాధని' సంస్కృత వాక్యాన్ని విడదీసి చూపిస్తుంది. అనువర్తిత భాషాశాస్త్ర, అనువాద అధ్యయన కేంద్రంలో తెలుగు వాక్యాన్ని యంత్రం చేత వేరే భాషలోకి మార్పించే పని ఏళ్లుగా సాగుతోంది. కృత్రిమ మేధ అంటే ఇంజినీరింగ్ భవనంలోనే ఉంటుందనుకునే ఎమ్మే విద్యార్థికి ఈ రెండు గదులు చూపించాలి. జీవశాస్త్రాల స్కూల్లో టమాటా జన్యువుల మీద పెద్ద పని నడిచింది. ఎన్నో రకాల ఉత్పరివర్తిత మొక్కల విత్తనాల భాండాగారమే అక్కడుంది. బ్యాంకింగ్ టెక్నాలజీలో ఎంటెక్ కావాలంటే రిజర్వ్ బ్యాంక్ స్థాపించిన ఐడీఆర్‌బీటీతో కలిసి నడిపిన కోర్సు ఉండేది. సముద్రమే లేని హైదరాబాద్‌లో సునామీ హెచ్చరికలు జారీ చేసే ఇన్‌కాయిస్ ఉంది కాబట్టి, యూనివర్సిటీలోని భూ, సముద్ర, వాతావరణ శాస్త్రాల కేంద్రానికి పొరుగు బలం దొరికింది. ఎల్ నినోలో 'మొదోకి' అనే మరో రకం ఉందని 2007లో జపాన్ శాస్త్రవేత్తలతో కలిసి వ్యాసం రాసిన కారుమూరి అశోక్ తర్వాత పాఠాలు చెప్పింది ఈ కేంద్రంలోనే. సరోజినీ నాయుడు స్కూల్లో కూచిపూడిలోనూ నాటకంలోనూ పీజీ చేయవచ్చు. వీటన్నిటికీ కలిపి ఒకే ర్యాంకు!

తెలుగు సాహిత్యం మీద ఇంగ్లీషులో పనిచేయాలనుకున్నవాళ్లకు ఒకప్పుడు అందరూ చెప్పిన చోటు ఇంకా విచిత్రం. అది అమెరికాలో, శీతాకాలమంతా మంచులో మునిగి ఉండే విస్కాన్సిన్-మాడిసన్. కారణం 1971 నుంచి అక్కడ తెలుగు చెప్పిన వెల్చేరు నారాయణరావు. ఆయన వెళ్లాక ఆ దారి మునుపటిలా లేదు.

బలం తరలిపోతుందన్న సంగతి దరఖాస్తు పెట్టేవాళ్లు ఎక్కువగా మరిచిపోతారు. శేషాద్రి 1949లో ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. పత్తిపూల పని వాల్తేరు నుంచి ఆయన వెంటే వెళ్లింది. భగవంతం హైదరాబాద్ చేరి ఉస్మానియా వైస్ చాన్సలర్ అయ్యారు. దేశిరాజు 2009లో బెంగళూరు ఐఐఎస్‌సీకి వెళ్లారు. నంగియా 2016లో పుణె ఎన్‌సీఎల్‌కి డైరెక్టర్‌గా వెళ్లారు. పెద్ద పేరు విని చేరిన స్కాలర్‌కి రెండో ఏడు గైడు ఉండకపోవచ్చు. దీనికి యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల్లో కొంత రక్షణ ఉంది, విద్యార్థులే దాన్ని చదవరు. రిటైర్మెంటుకు మూడేళ్లలోపు సర్వీసు మిగిలిన అధ్యాపకుడు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. అప్పటికే ఉన్నవాళ్లకు రిటైరయ్యాక కో-గైడుగా, డెబ్బయ్యేళ్లు వచ్చేదాకా కొనసాగవచ్చు. ఒకేసారి ప్రొఫెసర్ దగ్గర 8 మంది, అసోసియేట్ దగ్గర 6, అసిస్టెంట్ దగ్గర 4 కంటే ఎక్కువ స్కాలర్లు ఉండకూడదు. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో రిటైర్మెంటు 65కి. కాబట్టి వెబ్‌సైట్‌లో గైడు ఎప్పుడు చేరారు, ఇప్పుడు ఎంతమంది స్కాలర్లున్నారు అని చూసి, వేళ్ల మీద లెక్కేస్తే సీటు ఖాళీ ఉందో లేదో ఇంట్లోనే సుమారుగా తేలిపోతుంది. ఈ లెక్క వేయకుండా ఇంటర్వ్యూలో "ఫలానా సార్ దగ్గరే చేస్తాను" అని పట్టుబట్టేవాళ్లను చూసి బోర్డులో కూర్చున్నవాళ్లు మొహమొహాలు చూసుకుంటారు.

విభాగం గురించి నిజం చెప్పే అన్నిటికంటే మంచి పత్రం బ్రోషర్ కాదు, పాత థీసిస్. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధగంగలో దేశంలోని యూనివర్సిటీల థీసిస్‌లు లక్షల్లో ఉన్నాయి. ఎవరైనా ఉచితంగా చదవవచ్చు. యూనివర్సిటీ పేరు, విభాగం పేరు ఎంచుకుని గత ఐదారేళ్లవి తెరవాలి. అక్కడ అధ్యాయాల జోలికి పోకుండా నేరుగా కృతజ్ఞతల పేజీకి వెళ్లాలి. సాధారణంగా ఆ పేజీనే ఎవరూ చదవరు. కానీ అందులో స్కాలర్ దాచుకోకుండా రాసేస్తాడు: గైడు వారానికోసారి కూర్చోబెట్టి దిద్దారని ఒకడు, ఎన్‌ఎమ్‌ఆర్ తీసిపెట్టిన టెక్నీషియన్ పేరు ఒకడు, శాంపిళ్లు వేరే ఊరు పంపితే అక్కడ చేసిపెట్టిన స్నేహితుడి పేరు ఇంకొకడు, స్కాలర్‌షిప్ ఆగిపోయిన ఏడాది డబ్బు సర్దిన బావ పేరు మరొకడు. నలుగురు స్కాలర్లు వరసగా శాంపిళ్లు వేరే ఊరు పంపామని రాశారంటే ఆ విభాగంలో ఆ పనికి కావలసిన యంత్రం లేదనో, ఉన్నా మూలన పడిందనో అర్థం. గైడు పేరు పక్కన పొగడ్తలు నాలుగు లైన్లుండి, ఆయన చేసిన పని ఒక్కటీ లేకపోతే అదీ ఒక సమాచారమే.

తర్వాత థీసిస్ చివర ప్రచురణల జాబితా. గైడు పేరుతో వచ్చిన వ్యాసాల్లో మొదటి పేరు స్కాలర్‌దేనా? ఆ స్కాలర్లు ఇప్పుడెక్కడున్నారు? పాత స్కాలర్లలో ముగ్గురు ఎక్కడ పనిచేస్తున్నారో తెలిస్తే ఆ ల్యాబు నుంచి బయటికి వెళ్లే దార్లు తెలిసినట్టే. హ్యుమానిటీస్‌లో ఈ పద్ధతి కొంచెం మారుతుంది. అక్కడ వ్యాసాల కంటే పుస్తకాలు, అనువాదాలు, ఫీల్డు వర్కు బరువైనవి. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి ఊళ్లు తిరిగి రైతులు వాడే మాటల్ని పోగుచేసి, 1962లో వ్యవసాయ వృత్తి పదకోశం తెచ్చారు. ఆయన తర్వాత హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్ అయ్యారు. అటువంటి పనికి ఏ పట్టికలోనూ సరిగా మార్కులు పడవు. అందుకే హ్యుమానిటీస్ విద్యార్థి లైబ్రరీలోకి వెళ్లి తన విషయం అల్మరాలో ఏ ఏడాది వరకు పుస్తకాలు కొన్నారో చూడాలి. 2005 తర్వాతది ఒక్కటీ లేకపోతే అక్కడ ఆ పని చేసేవాళ్లు మానేసి చాలాకాలమైందన్నమాట.

ఇంత చదివాక ఒకసారి మనిషిగా వెళ్లి చూడాలి. హెడ్ గదికి కాదు, ముందు క్యాంటీన్‌కి. మూడో ఏడు, నాలుగో ఏడు స్కాలర్లు మధ్యాహ్నం టీకి దిగుతారు. మొదటేడాది వాళ్లు ఇంకా పెళ్లికొడుకుల్లా ఉంటారు, చివరి ఏడాది వాళ్లకు మాట్లాడే తీరిక ఉండదు. మధ్యలో ఉన్నవాళ్లే నిజం చెబుతారు. అక్కడ జరిగే సంభాషణ ఎప్పుడూ ఇంచుమించు ఇలాగే ఉంటుంది.

"అన్నా, మేడమ్ దొరుకుతారా? మాట్లాడొచ్చా?"

"దొరుకుతారు తమ్ముడూ. డ్రాఫ్ట్ ఇస్తే పది రోజుల్లో ఎర్ర పెన్నుతో తిరిగొస్తుంది. కానీ కెమికల్స్ ఆర్డరు పెడితే మూడు నెలలు."

ఈ జవాబులో అడిగినవాడికి కావలసింది సగం వచ్చేసింది. మిగిలిన సగం డబ్బు. ప్రాజెక్టు ఉందా, దాని గడువెప్పుడు, గ్రాంటు ఆలస్యమైతే ఏం చేశారు? సీఎస్‌ఐఆర్, యూజీసీ జేఆర్‌ఎఫ్ వస్తే నెలకు 37,000, తర్వాత 42,000. అది లేక కేంద్రీయ విశ్వవిద్యాలయంలో నాన్-నెట్ ఫెలోషిప్ మీద ఉంటే 8,000. నగరంలో అద్దె కట్టాల్సినవాడికి ఈ రెండింటి మధ్య తేడా చిన్నది కాదు. హాస్టల్ ఎప్పుడు దొరుకుతుందో కూడా క్యాంటీన్‌లోనే తెలుస్తుంది. ప్రాస్పెక్టస్‌లో ఉన్నది వేరే సంగతి.

గైడుకి రాసే ఈమెయిల్ దగ్గర చాలామంది బోల్తాపడతారు. "రెస్పెక్టెడ్ సర్, మీ గొప్ప పరిశోధన నన్ను ఎంతో ఆకట్టుకుంది" అని నలభైమందికి ఒకే ఉత్తరం పంపితే, ఆ నలభైమందిలో ఇద్దరు ఒకే కారిడార్‌లో ఎదురుబొదురు గదుల్లో ఉంటారు. సాయంత్రం టీ దగ్గర ఆ ఉత్తరం బయటపడుతుంది. దానికి బదులు ఆ గైడు ఇటీవలి వ్యాసం ఒకటి, ఆ ల్యాబు నుంచి వచ్చిన థీసిస్ ఒకటి చదివి, అందులో తనకు అర్థం కాని ఒక్క చోటు రాసి అడిగితే చాలు, పది లైన్లు మించక్కర్లేదు. తన ఎమ్మెస్సీ ప్రాజెక్టులో తాను చేతులతో చేసిందేమిటో ఒక వాక్యం, తనకు ఏ ఫెలోషిప్ ఉందో ఇంకో వాక్యం. జవాబు రాకపోతే రెండు వారాలాగి ఒకసారి గుర్తుచేయవచ్చు.

రెండు చోట్ల సీటొచ్చి ఏది ఎంచుకోవాలో తేలకపోతే, ముందు కోర్సువర్క్ చూడాలి. 12 నుంచి 16 క్రెడిట్ల కోర్సువర్క్ అందరికీ తప్పనిసరి. కానీ ఒక చోట విభాగంలో నలుగురు నాలుగు కోర్సులు చెబుతారు, ఇంకో చోట ఒకే రీసెర్చ్ మెథడాలజీ కోర్సుతో సర్దేస్తారు. ఆ తర్వాత రీసెర్చ్ అడ్వైజరీ కమిటీలో గైడు కాకుండా ఇంకెవరుంటారో అడగాలి. సెమిస్టరుకొకసారి స్కాలర్ పని చూసేది వాళ్లే. గైడు వేరే ఊరు వెళ్లిపోయినా, సెలవులో ఉన్నా, థీసిస్‌ని పట్టుకుని నడిపించాల్సింది కూడా వాళ్లే. ఆ కమిటీలో ఉండగలిగిన, అదే విషయం తెలిసిన రెండో మనిషి ఒక విభాగంలో ఉండి ఇంకో విభాగంలో లేకపోతే, ర్యాంకు ఎంత తక్కువైనా మొదటిదానికే ఫీజు కట్టడం మంచిది.